నాన్నగారికి మల్టిపుల్ మైలోమా ఎందుకు వచ్చింది, లోపల ఏం జరుగుతోంది

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్లు, పల్నాడులో మిరప, పత్తి వేస్తారు. చాలా నెలలుగా నడుము నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి బిళ్లలు, ఇంజెక్షన్లు, కాల్షియం బిళ్లలు వాడారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం మొదలయ్యాక గుంటూరు తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7.8, ఈఎస్‌ఆర్ 130, ఎమ్మారైలో ఒక వెన్నుపూస కుంగిపోయి కనిపించింది. మూలుగ పరీక్ష చేసి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముకల మూలుగలో పుట్టే ఒక రక్త క్యాన్సర్ అన్నారు. సిగరెట్టూ మందూ ముట్టని మనిషికి ఇది ఎలా వచ్చింది, పురుగుమందులే కారణమా, రక్తంలో ప్రొటీన్ ఎక్కువైందంటున్నారు కాబట్టి గుడ్లూ పప్పూ మాన్పించామే అది సరైనదేనా, రేపు మాకూ వస్తుందా అని అడిగారు.

నేను రక్తం, మూలుగ స్లైడ్లు చూసి రిపోర్టు ఇచ్చే పాథాలజిస్టుని. ఈ జబ్బును చాలా ఏళ్లుగా మైక్రోస్కోపు కింద చూస్తున్నాను. మందుల నిర్ణయం మీ హెమటాలజిస్టుదే, అంటే రక్త జబ్బుల డాక్టరుదే. జబ్బు స్వభావం మాత్రం నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు తిండి సంగతి, ఎందుకంటే ఇది ఇవాళే మార్చాలి. గుడ్లు, పప్పు మళ్లీ పెట్టండి. రిపోర్టులో కనిపించే ఆ ప్రొటీన్‌కీ కంచంలో ఉన్న ప్రొటీన్‌కీ సంబంధం లేదు. పప్పు మానేస్తే అది తగ్గదు, తింటే పెరగదు. అసలే రక్తం తగ్గి, బరువు తగ్గి, రేపు కీమో తట్టుకోవాల్సిన మనిషికి తిండి కోసేస్తే కండ కరుగుతుంది, ఇన్‌ఫెక్షన్లు సులువుగా పట్టుకుంటాయి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) బాగా పెరిగి ఉంటే ఎంత తినాలో మీ డాక్టరు లెక్క చెబుతారు, అప్పుడు ఆ లెక్క పాటించండి. అంతవరకు మీ అంతట మీరు పథ్యం పెట్టొద్దు.

మరి ఆ ప్రొటీన్ ఏమిటి? ఈ జబ్బంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మన ఒంట్లోకి ఒక సూక్ష్మక్రిమి వస్తే దాన్ని గుర్తుపట్టే బి కణాలు లింఫు గ్రంథుల్లో పెరిగి, చివరికి ప్లాస్మా కణాలుగా మారతాయి. వాటిలో చాలా భాగం ఎముకల లోపలి మూలుగలోకి చేరి అక్కడే ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పని ఒక్కటే, యాంటీబాడీలు (క్రిముల్ని పట్టుకునే ప్రొటీన్లు) తయారుచేసి రక్తంలోకి వదలడం. ఒక్కో ప్లాస్మా కణం సెకనుకు వేల అణువుల చొప్పున వదులుతుంది. ఒక కణం ఒకే రకం యాంటీబాడీ చేస్తుంది. చిన్నప్పుడు వచ్చిన తట్టు, వేయించుకున్న టీకాలు, తగిలిన జ్వరాలు అన్నిటికీ వేర్వేరు కణాలు ఉంటాయి కాబట్టి ఆరోగ్యవంతుడి రక్తంలో లక్షల రకాల యాంటీబాడీలు కలగలిసి తిరుగుతుంటాయి.

మైలోమాలో ఆ కణాల్లో ఏదో ఒక్కటి అదుపు తప్పి తనలాంటి కణాల్నే పెంచుకుంటూ పోతుంది. కోట్ల కణాలైనా అన్నీ ఒకే కణం సంతానం. అందుకే అవన్నీ అచ్చంగా ఒకే ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. దాన్నే ఎం ప్రొటీన్ అంటారు. ఏ క్రిమి మీదా పనికిరాని యాంటీబాడీ అది, రక్తంలో పేరుకుపోతుంది.

మీరు పంపిన రిపోర్టులో టోటల్ ప్రొటీన్ 10.8, ఆల్బుమిన్ 2.9 ఉంది. మొదటిదాన్నుంచి రెండోది తీసేస్తే 7.9. అది గ్లోబులిన్, యాంటీబాడీలు ఉండే భాగం. మామూలుగా 2 నుంచి 3.5 దాకా ఉండాలి. ఆ ఎక్కువ ఉన్నదంతా దాదాపు ఈ ప్రొటీనే. ఇంత ముఖ్యమైన సంకేతం మామూలు లివర్ ఫంక్షన్ టెస్టు కాగితంలోనే ఉంటుంది. బిలిరుబిన్ బాగుంది కదా అని ఆ వరస ఎవరూ చదవకుండా వదిలేస్తారు, అది నన్ను చాలా బాధపెట్టే విషయం. గ్లోబులిన్ పెరిగిన ప్రతివాళ్లకూ మైలోమా ఉండదు. దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్లలో, లివర్ జబ్బుల్లో కూడా పెరుగుతుంది. తేడా ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్షలో తెలుస్తుంది. ఇన్‌ఫెక్షన్లో రకరకాల యాంటీబాడీలు పెరుగుతాయి కాబట్టి గ్రాఫు వెడల్పుగా ఉబ్బుతుంది. మైలోమాలో ఒకే ప్రొటీన్ కాబట్టి సన్నగా, నిటారుగా ఒక శిఖరం లేస్తుంది. దాన్ని ఎం స్పైక్ అంటాం.

ఇలాంటి రక్తం స్లైడు నా చేతికి వస్తే మైక్రోస్కోపు కింద పెట్టకముందే అనుమానం వస్తుంది. రంగు వేశాక స్లైడు మొత్తం ఒక నీలి ఛాయ తిరిగి ఉంటుంది, అదంతా ప్రొటీన్ పీల్చుకున్న రంగు. లెన్స్ కింద చూస్తే ఎర్ర రక్తకణాలు విడివిడిగా ఉండవు, పేర్చిన నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకుని బారులు తీరి ఉంటాయి. ఈఎస్‌ఆర్ 130 రావడానికి కారణం అదే, అంటుకున్న కణాలు గొట్టంలో తొందరగా కిందికి దిగిపోతాయి. మూలుగ స్లైడులో మామూలుగా నూటికి 5 కంటే తక్కువగా ఉండే ప్లాస్మా కణాలు ఇక్కడ గుంపులు గుంపులుగా ఉంటాయి. ముదురు నీలం ఒళ్లు, ఒక పక్కకు ఒరిగిన గుండ్రటి కేంద్రకం, దాని పక్కనే తెల్లటి ఖాళీ. ఆ ఖాళీ దగ్గరే ప్రొటీన్ ప్యాకింగ్ జరుగుతుంది. నూటికి 10 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, తోడుగా ఎముక, కిడ్నీ, రక్తం, కాల్షియంలలో ఏదో ఒకదానికి దీనివల్లే దెబ్బ తగిలి ఉంటే మైలోమా అని నిర్ధారిస్తారు. దెబ్బ తగలకముందే నిర్ధారించి మందు మొదలుపెట్టడానికి మరో మూడు గుర్తుల్ని 2014లో చేర్చారు. మీ నాన్నగారికి ఎముకా రక్తమూ రెండూ దెబ్బతిన్నాయి కాబట్టి ఆ చర్చ అవసరం లేదు.

ఇక ఆ ఒక్క కణం ఎందుకు అదుపు తప్పింది? మన ఒంట్లో చాలా కణాలు తమ డీఎన్‌ఏను ఎంతో జాగ్రత్తగా కాపాడుకుంటాయి. బి కణాలు మాత్రం లింఫు గ్రంథిలో ఉన్నప్పుడు కావాలనే తమ డీఎన్‌ఏను కోసుకుంటాయి, అక్షరాలు మార్చుకుంటాయి. యాంటీబాడీని క్రిమికి సరిగ్గా అతికేలా మెరుగుపరచడానికి అది తప్పనిసరి. ఆ పని చేసే ఏఐడీ అనే ఎంజైమును 1999లో జపాన్‌లో తసుకు హోంజో బృందం గుర్తించింది. ఈ కోత 14వ క్రోమోజోములో యాంటీబాడీ జన్యువు ఉన్నచోట జరుగుతుంది. కోసిన కొసలు మళ్లీ తమ చోటే అతుక్కోవాలి. ఎప్పుడో ఒకసారి పొరపాటున 4వదో, 11వదో, 16వదో క్రోమోజోము ముక్క వచ్చి అక్కడ అతుక్కుంటుంది. యాంటీబాడీ జన్యువు ఎప్పుడూ పూర్తి వేగంతో పనిచేస్తుంది కాబట్టి దాని పక్కకు వచ్చి చేరిన పెరుగుదల జన్యువు కూడా అదే వేగంతో పనిచేయడం మొదలుపెడుతుంది. దాదాపు సగం మందిలో మరో తరహా ఉంటుంది. 3, 5, 7, 9, 11, 15, 19, 21 లాంటి క్రోమోజోములు రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటాయి. మీ డాక్టరు మూలుగ నుంచి ఫిష్ (FISH) అనే క్రోమోజోముల పరీక్షకు పంపించేది వీటి కోసమే. 4, 14 క్రోమోజోముల మార్పిడి, 17వ దానిలో చిన్న భుజం (పొట్టి వైపు భాగం) పోవడం, 1వ దానిలో పొడుగు భుజం అదనంగా ఉండటం కాస్త మొండి జబ్బుకు గుర్తులు.

అంటే మూలం రోగనిరోధక వ్యవస్థ రోజూ చేసే మామూలు పనిలోనే ఉంది. జీవితమంతా కోట్ల సార్లు జరిగే కోత, అతుకుల్లో ఒకటి తప్పిపోయింది. సిగరెట్టు తాగని మనిషికి ఎందుకు వచ్చిందని అడిగారు. పొగాకుకీ మైలోమాకీ గట్టి సంబంధం ఎప్పుడూ తేలలేదు. మీ నాన్నగారు ఏదో చేసినందుకో, చేయనందుకో వచ్చిన జబ్బు కాదిది. ఆయనకు ఈ మాట మీ నోటితో చెప్పండి. మన ఇళ్లలో క్యాన్సర్ అనగానే నేనేం పాపం చేశానని కుమిలిపోతారు.

ఆ మొదటి పొరపాటు నిన్న మొన్న జరిగింది కూడా కాదు. రోగుల కణాల జన్యుక్రమాన్ని చదివి వెనక్కి లెక్కకట్టిన పరిశోధనల్లో, చాలామందిలో తొలి మార్పు 20, 30 ఏళ్ల వయసులోనే జరిగినట్టు తేలింది. తర్వాత దశాబ్దాల పాటు ఆ కణాలు చిన్న గుంపుగా, ఏ హానీ చేయకుండా ఉండిపోతాయి. రక్తంలో కొద్దిగా ఎం ప్రొటీన్ మాత్రం కనిపిస్తుంది. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన రాబర్ట్ కైల్ 1978లో ఈ స్థితికి ఎంజీయూఎస్ అని పేరు పెట్టారు. అదే బృందం తమ ప్రాంతంలో 50 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షిస్తే నూటికి 3 మందిలో ఇది ఉంది. అందులో మైలోమాగానో, అలాంటి మరో జబ్బుగానో మారేది ఏడాదికి నూటికి ఒక్కరు. మిగిలినవాళ్లు దానితోనే బతికి, వేరే కారణంతో పోతారు. దీనికీ మైలోమాకీ మధ్య స్మోల్డరింగ్ అనే దశ ఒకటుంది. అక్కడ మొదటి ఐదేళ్లలో ఏడాదికి నూటికి 10 మంది చొప్పున మైలోమాకు మారతారు. దాదాపు ప్రతి మైలోమాకూ ముందు ఎంజీయూఎస్ దశ ఉంటుందని 2009లో తేలింది. రాస్, మిక్ లాంటి జన్యువుల్లో కొత్త మార్పులు చేరుతూ, మూలుగలోని చుట్టుపక్కల కణాల సాయం కూడగట్టుకుంటూ ఆ గుంపు ముదురుతుంది.

పురుగుమందుల ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. సంబంధం ఉందనడానికి ఆధారాలు ఉన్నాయి. వియత్నాం యుద్ధంలో ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందును విమానాల్లోంచి చల్లిన అమెరికా సైనికుల నిల్వ రక్తాన్ని పరీక్షిస్తే వాళ్లలో ఎంజీయూఎస్ నూటికి 7 మందికి ఉంది, చల్లని సైనికుల్లో నూటికి 3 మందికి. ఈ ఫలితం 2015లో వచ్చింది. అయోవా, నార్త్ కరొలైనా రాష్ట్రాల్లో పురుగుమందులు కొట్టే రైతుల్లోనూ ఇది దాదాపు రెట్టింపుగా కనిపించింది. ఏజెంట్ ఆరెంజ్‌లో ఉన్న రెండు మందుల్లో ఒకటైన 2,4-డి మన కొట్లలో ఇప్పటికీ దొరుకుతుంది. అయితే అప్పట్లో అసలు విషం రెండో మందుతో కలిసి వచ్చిన డయాక్సిన్ అనే కల్తీ పదార్థం. ఈ లెక్కలు వేలమందిని కలిపి చూసినప్పటివి. మీ నాన్నగారి విషయంలో అదే కారణమని ఏ పరీక్షా చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. నా అభిప్రాయం అడిగితే, మిరపకు వారం వారం మందు కొట్టే ప్రాంతాల్లో చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ, పని అయ్యాక ఒళ్లు కడుక్కోవడం ఈ జబ్బు ఉన్నా లేకున్నా తప్పనిసరి. పొలం ఇప్పుడు చూసుకుంటున్న మీ తమ్ముడికి ఇది గట్టిగా చెప్పండి.

మిగతా కారణాలు క్లుప్తంగా. వయసు అన్నిటికంటే పెద్దది, అమెరికాలో సగం మందికి 69 దాటాకే బయటపడుతుంది. మన దేశంలో ఆసుపత్రులకు వచ్చేవాళ్లు అంతకంటే ఓ పదేళ్లు చిన్నవాళ్లు, 58 ఏళ్లంటే ఇక్కడ మామూలే. ఆడవాళ్లకంటే మగవాళ్లలో కాస్త ఎక్కువ. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో రెట్టింపు. ఊబకాయం కూడా ఓ కారణమే. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు. ఆయన గ్లాసు, పక్క వేరు చేయకండి.

ఎముకల గురించి ఆగి చెప్పాలి, మీరు నెలల తరబడి చూసిన బాధ అదే కాబట్టి. ఎముక నిత్యం కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. మైలోమా కణాలు కరిగించే కణాలను రెచ్చగొడతాయి, కట్టే కణాలను ఆపేస్తాయి. అందుకే ఎక్స్‌రేలో గుండ్రంగా కొరికేసినట్టు నల్లటి రంధ్రాలు కనిపిస్తాయి, వాటి అంచున కొత్త ఎముక ఉండదు. మామూలు బోన్ స్కాన్ కొత్త ఎముక కట్టే చోటునే పట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ అది చాలాసార్లు బాగుందని వచ్చి మోసం చేస్తుంది. ఒళ్లంతా తక్కువ డోసుతో తీసే సీటీ, పెట్ సీటీ, ఎమ్మారై మేలు. మన దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. వెన్నుపూస కుంగితే టీబీ అని మందులు మొదలుపెట్టేస్తారు. టీబీ సాధారణంగా రెండు పూసల మధ్య ఉన్న డిస్కును కూడా తినేస్తుంది, మైలోమా డిస్కును ముట్టదు. కరిగిన ఎముకలోని కాల్షియం రక్తంలోకి వస్తుంది. దప్పిక, మలబద్ధకం, మగతగా ఉండటం, తికమకగా మాట్లాడటం దాని లక్షణాలు. నడుము నొప్పికని ఇచ్చిన ఆ కాల్షియం బిళ్లలు ఇంకా వేస్తుంటే, ఇవాళ్టి రక్తంలో కాల్షియం ఎంతుందో డాక్టర్ని అడిగేదాకా ఆపండి.

కిడ్నీల కథ 1845 నాటిది. లండన్‌లో ఎముకల నొప్పితో తీసుకుంటున్న ఒక కిరాణా వ్యాపారి మూత్రాన్ని వేడిచేస్తే గడ్డకట్టింది, మరిగిస్తే కరిగిపోయింది, చల్లారిస్తే మళ్లీ గడ్డకట్టింది. దాన్ని పరీక్షించిన హెన్రీ బెన్స్ జోన్స్ పేరే ఆ ప్రొటీన్‌కు నిలిచింది. అది యాంటీబాడీలోని చిన్న ముక్క, లైట్ చెయిన్ అని 1962లో గానీ తేలలేదు. మైలోమా కణాలు ఈ ముక్కల్ని అవసరానికి మించి తయారుచేస్తాయి. చిన్నవి కాబట్టి అవి కిడ్నీ వడపోతలోంచి జారి, సన్నటి నాళాల్లో అక్కడి మరో ప్రొటీన్‌తో కలిసి గట్టిపడి దారి మూసేస్తాయి. మామూలు మూత్ర పరీక్షలో పట్టీ ముంచి చూస్తారు, అది ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది. లైట్ చెయిన్లు దానికి కనిపించవు. అందుకని సీరం ఫ్రీ లైట్ చెయిన్, 24 గంటల మూత్రం పరీక్షలు అయ్యాయో లేదో చూడండి.

ఇక్కడే నేను అందరినీ బతిమాలే విషయం ఒకటుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు, ఇంజెక్షన్లు ఇక ఒక్కటి కూడా వద్దు. ఇప్పటికే లైట్ చెయిన్ల బరువు మోస్తున్న కిడ్నీకి రక్త ప్రవాహాన్ని అవి తగ్గిస్తాయి. మన ఊళ్లలో మైలోమా రోగులు దెబ్బతిన్న కిడ్నీలతో రావడానికి జబ్బుతో పాటు నెలల తరబడి వాడిన ఈ బిళ్లలు కూడా కారణం. నొప్పికి పారాసిటమాల్, అది చాలకపోతే డాక్టరు రాసే ట్రమడాల్, మార్ఫిన్ ఉన్నాయి. నీళ్లు బాగా తాగించండి, ఎంతో డాక్టర్ని అడిగి. ఏ స్కానింగ్‌కైనా రంగు మందు ఎక్కిస్తామంటే మైలోమా ఉందని, క్రియాటినిన్ ఎంతో ముందే చెప్పండి.

రక్తం తగ్గడానికి మూలుగలో చోటు కరువవడం ఒక కారణం, కిడ్నీ నుంచి రావాల్సిన ఎరిత్రోపొయెటిన్ (ఎర్ర రక్తకణాల తయారీని నడిపే హార్మోను) తగ్గడం మరొకటి. ఇనుము బిళ్లలతో ఇది సరికాదు. యాంటీబాడీ ప్రొటీన్ ఇంత ఉన్నా పనికొచ్చే యాంటీబాడీలు అడుగంటుతాయి కాబట్టి న్యుమోనియా లాంటివి త్వరగా వస్తాయి. న్యుమోకోకల్, ఫ్లూ టీకాల గురించి అడగండి.

మీకూ వస్తుందా అన్నారు. మీ నాన్నగారి క్రోమోజోముల్లో వచ్చిన మార్పు ఆ మూలుగ కణాల్లోనే ఉంది, మీకు పుట్టుకతో వచ్చే అవకాశం లేదు. రక్తసంబంధీకుల్లో ఒకరికి ఉంటే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుందని లెక్కలున్నాయి. కానీ ఎక్కువగా వచ్చే అమెరికాలోనే జీవితకాలంలో ఇది వచ్చే అవకాశం నూటికి ఒక్కరు, ఆ చుట్టుపక్కల. దాన్ని రెండింతలు చేసినా చిన్న సంఖ్యే. ఇంట్లో ఒక్కరికే ఉంటే పిల్లలందరికీ పరీక్షలు చేయించమని నేను చెప్పను. ఇద్దరికి ఉంటే మాత్రం 40 దాటాక ఒకసారి ఎలక్ట్రోఫోరెసిస్ చేయించడం మంచిదే.

వైద్యం గురించి రెండు మాటలు. దీన్ని పూర్తిగా తుడిచేయడం చాలామందిలో కుదరదు, కానీ ఏళ్ల తరబడి అణచి ఉంచగలుగుతున్నారు. 1999లో థాలిడోమైడ్ అనే మందు పనిచేస్తుందని తేలడం, 2003లో బోర్టెజోమిబ్ రావడం, ఆ తర్వాత లెనలిడోమైడ్, డారాటుముమాబ్ ఈ జబ్బు తీరునే మార్చేశాయి. లెనలిడోమైడ్ జెనరిక్‌ను మన హైదరాబాద్ కంపెనీలే ప్రపంచానికి తయారుచేస్తున్నాయి, ఖర్చు ఒకప్పటిలా లేదు. ఆ క్యాప్సూల్స్‌ను ఇంట్లో గర్భిణులు చేత్తో తాకకూడదు. 58 ఏళ్ల వయసులో గుండె, ఊపిరితిత్తులు బాగుంటే సొంత మూలకణాల మార్పిడి చేయొచ్చేమో మొదటి నెలలోనే అడగండి, ఎందుకంటే ఏ మందులతో మొదలుపెట్టాలో దాన్ని బట్టి మారుతుంది. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టేముందు పళ్ల డాక్టరుకు చూపించి, పీకాల్సిన పళ్లుంటే ముందే పీకించేయండి.

వెన్నుపూస కుంగి ఉంది కాబట్టి బరువులు ఎత్తడం, వంగి పని చేయడం, ట్రాక్టరు ఎక్కడం ఇప్పట్లో వద్దు. ఉన్నట్టుండి కాళ్లలో బలం తగ్గినా, నడుము కింద తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకున్నా వెన్నుపాము నొక్కుకుంటోందని అర్థం. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా ఆ గంటలోనే ఎమ్మారై, రేడియేషన్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.